బిందెది సున్నా, నీళ్లది కాదు

ఆ రోజు రెండో పీరియడ్‌లో ఒక మనిషి కష్టాన్ని సుద్దముక్కతో సున్నా చేశాను. బోర్డు మీద ఆ సున్నా చక్కగా, గుండ్రంగా వచ్చింది కూడా. నేను గీసిన బొమ్మల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

పినపాక వైపు అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో హైస్కూలు మాది. నేను ఫిజిక్స్ చెబుతాను. ఆ వారం స్కూలు మోటారు కాలిపోయింది. మధ్యాహ్న భోజనం వండే పెద్దమ్మ రోడ్డు పక్కనున్న బోరింగు దగ్గర నీళ్లు కొట్టుకుని, బిందెతో వంటగదికి మోసుకొస్తోంది. పిల్లలందరూ ఆమెను పెద్దమ్మ అంటారు, నేను అక్కా అంటాను.

తొమ్మిదో తరగతికి దూరం, స్థానభ్రంశం చెబుతున్నాను. ఎంత నడిచావన్నది దూరం. బయలుదేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య తిన్నటి గీత గీస్తే అది స్థానభ్రంశం. పుస్తకంలో ఒకతను మైదానం చుట్టూ పరుగెత్తి మొదలుపెట్టిన చోటికే వస్తాడు. ఆ ఉదాహరణకు పిల్లలు ఆవలించారు. అప్పుడే కిటికీలోంచి పెద్దమ్మ కనిపించింది, నడుం మీద బిందెతో.

"అదిగో, పెద్దమ్మను చూడండి. పొద్దుటి నుంచి వంటగదిలో బయలుదేరి బోరింగు దాకా పోతోంది, మళ్లీ వంటగదికే వస్తోంది. స్థానభ్రంశం ఎంత?"

"సున్నా సార్."

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ పిల్లలు నవ్వితే నాకు ఒళ్లు తెలియదు. పని అంటే బలాన్ని స్థానభ్రంశంతో గుణించడమని, అసలు ఆ పాఠం ఇంకా రాకుండానే చెప్పేశాను. "అంటే పొద్దుటి నుంచి పెద్దమ్మ చేసిన పని ఎంత?"

క్లాసంతా ఒక్క గొంతుతో సున్నా అంది. కిటికీ అవతల బిందె ఆగింది. అది నేను చూశాను. చూసి కూడా బోర్డు మీద సున్నా వేశాను.

మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డాను. పెద్దమ్మ గిన్నెలోంచి రెండు గరిటెల అన్నం తీసి నా పళ్లెంలో వేసింది. తర్వాత పళ్లెం నా చేతిలోంచి తీసుకుని, ఆ అన్నాన్ని మళ్లీ గిన్నెలోకే వంచి, ఖాళీ పళ్లెం నా చేతికిచ్చింది.

"అయిపాయె సార్. అన్నం ఏడిది ఆడికే వచ్చింది. ఇగ పోన్రి."

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

"అక్కా, మరి నా కడుపు?"

"మీ కడుపు సంగతి మీ పుస్తకంల సూడున్రి."

"అది సైన్సు లెక్క అక్కా. నిన్ను అన్నది కాదు. నువ్వు బయలుదేరిన చోటికే వచ్చావు కదా, అందుకని..."

"అవ్, నేను పొయ్యి కాడ్నుంచి పోయి పొయ్యి కాడికే వచ్చిన. మరి నీళ్లు ఏడ ఉండె, ఏడికొచ్చినయ్?"

ఖాళీ పళ్లెంలో వేలితో గీత గీయడం మొదలుపెట్టాను. నా వెనకే నిలబడ్డ తొమ్మిదో తరగతి అమ్మాయి జాలిపడి నాకు అందించింది. "సార్, బిందెది సున్నా. నీళ్లది సున్నా గాదు."

ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పాను. మనిషిని కొలిచానే గానీ ఆ మనిషి మోసినదాన్ని కొలవాలని ఎన్నడూ తోచలేదు. మర్యాద తప్పానని పొద్దున్నే తెలుసు. ఫిజిక్స్ కూడా తప్పానని అప్పుడే తెలిసింది. సిగ్గుతో చెప్తున్నాను, ఆ రెండోదే నన్ను ఎక్కువ కుదిపింది.

పెద్దమ్మ బాధ వేరే. గరిటె పక్కన పెట్టి మెల్లగా అంది. "బోరింగు కాడ పోరగాండ్లు అప్పుడే సున్నా పెద్దమ్మ అంటున్రు సార్. ఈడ పేరు పడితే సచ్చినా పోదు. మా పక్కింటాయన చిన్నప్పుడు గుడ్డెలుగును సూసి ఉరికిండట. ఇప్పుడు ఆయన మనమలు గుడ్డెలుగోళ్లు. ఆ పోరగాండ్లు ఎలుగును బొమ్మల గూడ సూడలే. రేపు నా మనమలు సున్నోళ్లయితే ఏం జేయాలె?"

నేను నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వడం లేదు. అయినా చివరికి అన్నం పెట్టింది. పప్పు మాత్రం అడుగుది పడింది. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

మర్నాడు ప్రార్థన అయ్యాక మైకు తీసుకున్నాను. పెద్దమ్మ స్థానభ్రంశం గురించి నేను చెప్పింది సగమే నిజం, పని గురించి చెప్పింది పూర్తిగా తప్పు, భూమిలోంచి నీళ్లు కొట్టడం, బిందె పైకెత్తడం అన్నీ పనే అని బడి మొత్తానికీ చెప్పాను. ఒకటో రెండో గొంతులు సున్నా అనబోయి, ఆమె గరిటెతో గుమ్మంలో నిలబడి ఉండటం చూసి మానుకున్నాయి.

తర్వాత తొమ్మిదో తరగతిని తాడుతో సహా బోరింగు దగ్గరికి తీసుకెళ్లాను. తాడుతో కొలిస్తే అక్కణ్నుంచి వంటగది తొట్టికి నూట నలభై అడుగులు. బిందె నింపి నేనే ఎత్తుకున్నాను. ఎంత కష్టమో పిల్లలకు చూపించాలనుకున్నాను. మొదట నాకు కనిపించింది.

"సార్, బిందె మెడ గట్టిగ పట్టుకుంటే ఏమొస్తది? నడుమియ్యాలె," అంటూ పెద్దమ్మ నా వెంటే నడిచింది. "గట్ల గాదు. బిందెను ఎత్తుకున్నరా, అదే మిమ్ముల ఎత్తుకున్నదా?"

వేపచెట్టు దగ్గర చొక్కా తడిసింది, గేటు దగ్గర ప్యాంటు. వంటగది చేరేసరికి బిందెలో సగమే మిగిలింది.

"సార్, కొన్ని నీళ్ల స్థానభ్రంశం ఇరవై అడుగులే," అంది ఆ అమ్మాయే, తాడు పట్టుకుని తడి మరకలు కొలుస్తూ. "కొన్నిటిది అరవై. మీ చొక్కాల ఉన్న నీళ్లు ఇంకా నడుస్తనే ఉన్నయి."

ఆ లెక్కలన్నీ కాపీల్లో రాయించాను. వాటి కింద, పెద్దమ్మ మోసిన ప్రతి బిందె నీళ్లకూ నూట నలభై అడుగులని రాసి, వాళ్ల చేత ఆమెకు చదివించాను. ఆమె మొత్తం విని, మర్నాటి నుంచి జల్దీ రమ్మంది నన్ను.

మోటారు బాగయ్యేదాకా రోజూ ప్రార్థన గంటకు ముందే వెళ్లి నాలుగు బిందెలు మోశాను. ఐదోది ఆమె మోయనిచ్చేది కాదు, గచ్చు తుడవలేక చస్తున్నానని.