చేతి పంపు నిలిచిన ఆదివారం

అమెరికాలో మేముండే బాతెల్‌లో, మా ఇంటి దగ్గరి పబ్బులో చేతి పంపు తీసేస్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి ఇంగ్లండు పెద్దావిడ. పీపాలోనే నెమ్మదిగా పులిసిన బీరును, గ్యాస్ ఎక్కించకుండా, ఆ పంపుతో చేత్తో లాగి గ్లాసులో పోస్తారు. వాళ్ల దేశంలో ఆ పద్ధతి పోకూడదని తాగేవాళ్లే సంఘం కట్టి పోరాడారట. ఆవిడ ఇక్కడా నలుగురిని పోగేసి అలాంటిదే పెట్టింది.

నాకు బీరు సంగతేం తెలుసు? బడి ముఖం చూడకుండా నాన్న దగ్గర ఇంట్లో చదువుకున్నదాన్ని, పూజ కాకుండా కాఫీ కూడా తాగనిదాన్ని. కానీ నా బాలింతరోజుల్లో వేడివేడి సూప్ పట్టుకొచ్చిన మనిషి కళ్లు తుడుచుకుంటుంటే ఊరుకోలేకపోయాను.

పబ్బు యజమాని తేల్చి చెప్పేశాడు. "శనివారం పీపా తెరుస్తా. తెరిచాక రెండు రోజులే బాగుంటుంది. ఆదివారానికి ఖాళీ అయితే పంపు ఉంటుంది, లేదంటే పీకేస్తా."

మావారి ఆఫీస్ కుర్రాళ్లను తెస్తానని మాటిచ్చాను. మిరపకాయ బజ్జీలు చేస్తానంటే అందరూ వచ్చారు. బజ్జీలు ఇట్టే అయిపోయాయి. గ్లాసు మాత్రం ఒక్కడూ ముట్టలేదు.

"ఇయ్యాల శనివారం కదా ఆంటీ!"

"వేంకటేశ్వరస్వామి ఆంటీ. ఇంట్లో తెలిస్తే మా అమ్మ చంపేస్తుంది."

శనివారం ఉపవాసం ఉండి, రుచి చూడకుండానే ఆ బజ్జీలు వేయించిన నాకే ఆ సంగతి తట్టలేదు! సిగ్గుపడుతూ పెద్దావిడకు చెప్పాను. ఆవిడ నిండుగా ఉన్న పీపా వైపు చూసింది.

"మీ దేవుడు రేపు ఏమీ అనడు కదా?"

"రేపు అనడు."

"అయితే రేపు ఇంకా ఎక్కువ బజ్జీలు తే."

ఆదివారం మధ్యాహ్నానికే పబ్బులో నిలబడే చోటు లేదు. కుర్రాళ్లు స్నేహితుల్ని, వాళ్లు వాళ్ల స్నేహితుల్ని కార్లలో దింపారు.

"చల్లగా లేదేంటి ఆంటీ? ఐస్ వేయించండి."

"ఐస్ వేస్తే నన్నే పీపాలో వేసెయ్యండి," అంది పెద్దావిడ. నేను తెలుగులో చెప్పగానే అందరూ గొల్లుమన్నారు.

చీకటి పడే వేళకు యజమాని పంపు లాగితే గాలి వచ్చింది. ఇంకోసారి లాగాడు. గాలే! పబ్బంతా కేకలు, ఈలలు. ఆయన పంపు మీద చెయ్యి వేసి, "ఇది ఎక్కడికీ పోదు," అన్నాడు. పెద్దావిడ నన్ను వాటేసుకుంది. నేను మనసులోనే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆవిడ పక్క ఊరి పబ్బులో పంపు పెట్టించాలని, ఆ వయసులో, వానలో ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ తిరుగుతోంది. మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఆవిడను ఒక్కసారి తలచుకోండి.