బొట్టు కింద పోయిన నంబరు

కొత్త వెర్షన్ ఎక్కించుకోమని నా కంప్యూటర్ ఆరు నెలలు చెవిలో జోరీగలా పోరింది. ఆరు నెలలూ "తర్వాత" అనే నొక్కాను. ఒక ఆదివారం ఇంట్లో అందరి మీదా కోపంగా ఉండి, కనీసం ఈ పీడన్నా వదిలించుకుందామని "సరే" నొక్కాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. సోమవారం పొద్దున బస్టాండు ఎదురుగా నా జిరాక్స్ దుకాణం షటర్ ఎత్తి చూస్తే కంప్యూటర్ తళతళలాడుతోంది. తొమ్మిదేళ్లు దానితో కాపురం చేసిన ప్రింటర్‌ను మాత్రం ఎవరో తెలియదంటోంది.

జిరాక్స్ బాగానే వస్తోంది. కంప్యూటర్‌లో ఉన్న కాగితమే ప్రింటు కాదు. కొత్త వెర్షన్‌కు సరిపడే డ్రైవర్ ఎక్కించాలట. కంప్యూటర్ చెప్పింది ప్రింటర్‌కు అర్థం కావాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి. కంపెనీ వెబ్‌సైట్ తెరిచి వెతకడం మొదలుపెట్టాను.

అప్పుడే, పది గంటలకు, కోహీర్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నర్సింగ్ ముగించి మొట్టమొదటి ఇంటర్వ్యూకు పోతోంది. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖాన, మధ్యాహ్నం మూడు గంటలకు. ఆమె బయోడేటా పోయిన వారం నేనే టైప్ చేసి కంప్యూటర్‌లో దాచాను. అది రెండు కాపీలు కావాలి. పన్నెండున్నర బస్సు తప్పిపోతే ఇంటర్వ్యూ కూడా తప్పిపోయినట్టే.

"కూసో బిడ్డా, రెండే నిమిషాలు" అన్నాను.

వెబ్‌సైట్ ప్రింటర్ మోడల్ నంబర్ అడిగింది. ఆ నంబర్ ప్రింటర్ ముందు భాగంలో ఉంటుంది. సరిగ్గా అక్కడే నేను ప్రతి దసరాకు ఆయుధపూజ చేసి పసుపు, కుంకుమ, గంధం పెడుతూ వచ్చాను. తొమ్మిది దసరాలు. పాత బొట్టు తుడిస్తే అరిష్టమని దాని మీదే కొత్తది. ఇప్పుడక్కడ పెంకులాంటి ఎర్రటి పొర ఉంది. ముందు కొబ్బరినూనె రాశాను, కదల్లేదు. గోళ్లరంగు తుడిచే మందుతో రుద్దితే పొర ఊడింది. దానితోపాటే చివరి మూడు అంకెలూ ఊడాయి. నా భక్తి అంత గట్టిది!

వెనక ఇంకో స్టిక్కర్ ఉండాలి కదా అంటారేమో. ఉండేది. రెండేళ్ల కింద పక్క దుకాణపాయన వేయించిన రేకు మీది వాన నీళ్లు నా ప్రింటర్ మీద కారి అది చెరిగిపోయింది. ఆ రోజు ఇద్దరం రోడ్డంతా వినేలా అరుచుకున్నాం. ఆ తర్వాత మాటల్లేవు. ఆయనదీ జిరాక్స్ దుకాణమే.

ఇక ఊహించడమే మిగిలింది. మొదట ఎక్కించిన డ్రైవర్‌తో ఏమీ కాలేదు. రెండోదానితో ప్రింటర్ కదిలింది, నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే కాగితానికో పిచ్చి గుర్తు చొప్పున వరసగా వదులుతోంది. ఆపితే ఆగదు. ప్లగ్ పీకితే గానీ ఊరుకోలేదు. అమ్మాయి కింద పడిన కాగితాలన్నీ ఏరి, అంచులు సరిచేసి బల్ల మీద పెట్టింది.

"రెండే నిమిషాలు" అన్నాను మళ్లీ. అప్పటికి పదకొండున్నర. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పన్నెండుంబావు అవుతుండగా ఒక సంగతి తట్టింది. పక్కాయనా నేనూ మాటలున్న రోజుల్లో హైదరాబాద్ పోయి ఒకే కొట్లో, ఒకేలాంటి ప్రింటర్లు కొన్నాం. ఆయన క్రైస్తవుడు. ప్రింటర్ కొన్న రోజు ప్రార్థన చేయించాడు గానీ బొట్టు పెట్టలేదు. అంటే ఆయన నంబర్ శుభ్రంగా ఉంటుంది! మాట్లాడకుండా చూసొస్తే పోలా అనుకుని, ఆయన గడప దగ్గర నిలబడి బస్సు కోసం చూస్తున్నట్టు నటిస్తూ మెడ లోపలికి సాచాను.

"ఏం జూస్తున్నవ్ చెల్లె?"

రెండేళ్ల తర్వాత ఆయన నోట అదే మొదటి మాట. ఏ అబద్ధమూ తోచలేదు.

"నీ ప్రింటర్ నంబర్ గావాలె అన్నా. నాది బొట్టుల వోయింది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ప్రింటర్ మీద దుమ్ము తుడిచి నంబర్ చీటీ మీద రాస్తూ, "ఆ పిల్ల పొద్దుగాల్నుంచి గూసున్నది. ఏం గావాలెనట?" అన్నాడు.

చెప్పాను.

"డ్రైవర్ ఎక్కేదాక బస్సు ఆగుతదా? ముందుగాల పెన్‌డ్రైవ్ తే."

పరుగెత్తి తెచ్చాను. రెండు గంటలకు పైగా నేను కుస్తీ పట్టిన పని ఆయన దగ్గర నిమిషంలో అయిపోయింది. రెండు కాపీలు వెచ్చవెచ్చగా చేతికొచ్చాయి. నేను తెచ్చిచ్చిన వాటిని అమ్మాయి ఫైల్లో పెట్టుకుంటుంటే అప్పుడు కోపం వచ్చింది, దాని మీద కాదు, నా మీద. అయినా మనిషి బుద్ధి కదా, దాని మీదే అరిచాను.

"పక్కనే ఇంకో దుకాణం ఉంది గదా! నన్ను పెన్‌డ్రైవ్‌ల ఎక్కించియ్యమని జర నోరు తెర్వద్దా?"

"ఎరుకే అక్కా" అంది. "గానీ మీకు, ఆ సార్‌కు మాటల్లేవని అందరికెరుకే. మీరు గంత తిప్పల వడుతుంటె నేను లేసి ఆడికి వోతె మీ మనసుకు మంచిగనిపియ్యది గదా."

బస్సు అప్పటికే కదులుతోంది. పక్కాయన రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపాడు. అమ్మాయి ఎక్కింది.

నా పంతం నొచ్చుకోకూడదని ఆ పిల్ల తన మొదటి ఉద్యోగాన్ని నా బల్ల మీద పెట్టి కూర్చుంది. నేను దాని ముందు రెండు నిమిషాలు, రెండు నిమిషాలు అంటూ పోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"డ్రైవర్ ఎక్కిద్దం వా చెల్లె" అన్నాడు పక్కాయన చీటీ చూపిస్తూ.

"జరసేపాగన్నా" అన్నాను. కళ్లల్లో నీళ్లు నిండి ఆ నంబర్ నాకు కనబడలేదు.