జోజప్పగా నిలబడ్డ వడ్రంగి

ఆ వీధిలో వడ్రంగి మేస్త్రిని అందరూ చాటుగా ‘చిటపట’ అనేవారు. చిత్రిక పడుతున్నంతసేపూ చెక్కనో, మేకునో, వాననో తిడుతూనే ఉండేవాడు. ఆయన నోరు అలాంటిది. చెయ్యి మాత్రం వేరు. ఆయన చేసిన కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు.

అలాంటి మనిషిని చూసి, చర్చి గోడ మీద బొమ్మలు వేయడానికి వచ్చిన చిత్రకారుడు, “పునీత జోజప్ప ముఖం దొరికింది!” అన్నాడు. జోజప్ప అంటే ఏసుప్రభువును పెంచిన తండ్రి, ఆయనా వడ్రంగే. ఫాదరుగారికి నవ్వాగక పొలమారింది.

మేస్త్రి కూతురు అప్పటికి చిన్నపిల్ల. నాన్న గోధుమరంగు దుప్పటి కప్పుకుని, ఒక చేత మూలమట్టం, ఇంకో చేత కాగితపు లిల్లీ పువ్వు పట్టుకుని, ఎండ పడే కిటికీ పక్కన బిర్రబిగిసి నిలబడటం ఆమెకు ఇప్పటికీ నిన్నో మొన్నో చూసినట్టే ఉంటుంది.

“మూలమట్టం సరే, నా పనిముట్టే. ఈ పువ్వెందుకండీ నాకు?”

“జోజప్ప చేతికర్ర పూసిందని పాతకథ, మేస్త్రీ. మరియమాతకి తగినవాడు ఆయనేనని దేవుడు చూపించిన గుర్తు. ఈ పువ్వు తెలుపేమో మచ్చలేని మనసుకి, ఈ గోధుమరంగేమో అణకువకి,” అన్నాడు చిత్రకారుడు కుంచె ఆపకుండా.

“నా అణకువ సంగతి మా ఆవిడనడగండి.”

అన్నం క్యారేజీ తెచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇన్నేళ్ళ కాపురంలో నాకో పువ్వు తెచ్చిన పాపాన పోలేదు. ఇక్కడ మాత్రం ఎంత ముద్దుగా పట్టుకున్నారో!” అంది. మేస్త్రి ముఖం కందగడ్డలా అయింది.

బొమ్మ పూర్తయ్యాక ఆయనకు వీధిలో మసలడమే కష్టమైంది. గొంతు పెంచితే చాలు, “జోజప్పగారూ, పువ్వు వాడిపోతుందండోయ్!” అని ఎవరో ఒకరు అనేవారు. తన ముఖం తనకు కనబడకుండా చర్చిలో ఆఖరి బల్లకు మారిపోయాడు.

ఒకనాడు పక్కవీధి రొట్టెలాయన పరుగున వచ్చాడు. “మా అమ్మ ఇక దక్కేలా లేదు మేస్త్రీ. జోజప్పగారిని పిలవమంటోంది.”

జోజప్ప అటు కొడుకూ ఇటు భార్యా ఉండగా కన్నుమూశాడని నమ్మకం. అందుకే మంచి మరణం కోసం ఆయన్నే వేడుకుంటారు.

“నేను వడ్రంగినయ్యా బాబూ! ఫాదరుగారిని పిలుచుకో.”

“ఆయన వచ్చి వెళ్ళారు. గోడ మీద ఉన్నాయన కావాలట.”

మేస్త్రి చొక్కాకున్న పొట్టు దులుపుకుని బయల్దేరాడు. కూతురూ వెంటపడింది. మంచం పక్కన కూర్చుని ఆ ముసలమ్మ చేయి పట్టుకున్నాడు. ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు. ఎప్పుడో ఆవిడకు చేసిచ్చిన గాజుతలుపుల బీరువా గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

“నీకు కోపమెక్కువంటారే?” అంది ఆవిడ నీరసంగా.

“ఎవరా అన్నది?” అని ఆయన గుర్రుమన్నాడు. ఆవిడ నవ్వింది. చీకటి పడకముందే పోయింది. ఆ చేయి ఆయన వదల్లేదు.

తిరిగివస్తూ దారంతా నాన్న ఎవరినీ తిట్టలేదు.

ఆ సంగతి ఈ నోటా ఆ నోటా పాకింది. ఎక్కడ ఎవరి ప్రాణం మీదికి వచ్చినా కబురు వచ్చేది. చిత్రిక పక్కన పెట్టి వెళ్ళేవాడు. కోపం పోయిందనుకుంటే పొరపాటే. గదిలో గుసగుసలాడే చుట్టాలను కసిరి బయటికి తరిమేవాడు. మంచం దగ్గర మాత్రం ఆ గొంతు వేరుగా ఉండేది. అలాంటి గొంతు ఇంట్లో ఎన్నడూ వినలేదని కూతురికి కాస్త ఈర్ష్య కూడా.

చాలా ఏళ్ళకు ఆయనే మంచం పట్టాడు. చివరి రోజున వసారా నిండా జనం. ఆయన చేయి పట్టుకుని సాగనంపిన వాళ్ళ తాలూకు బిడ్డలే అందరూ. లోపల భార్య ఒకవైపు, కూతురు ఒకవైపు. ఆయన కళ్ళు తెరిచి, “ఏంటే, ఇద్దరూ పటంలోలా అలా నిలబడిపోయారు? కూర్చోండి, కాళ్ళు పీకవూ?” అన్నాడు. ఆ గొంతుతోనే అన్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

కూతురి జుట్టు ఇప్పుడు నెరిసిపోయింది. గోడ మీద గోధుమరంగు వెలిసి, అక్కడక్కడా పెచ్చులూడింది. కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందు మోకరిల్లి, ఏవేవో మొరపెట్టుకుంటుంటారు. ‘ఆయన మా నాన్న, మహా కోపిష్టి’ అని చెప్పాలనిపిస్తుంది ఆమెకు. ఒక్కోసారి చెప్పేస్తుంది కూడా. ఎవరూ నమ్మరు.