అల్లుడి వల

దాలమ్మ కెనడాలో కంప్యూటరు ఉద్యోగం చేస్తోందంటే అదంతా మొగుడి చలవేనని పలాసలో ఎవరినడిగినా చెబుతారు. ఆయన తీసుకెళ్ళాడు, ఆయన వెనకే ఈవిడా ఏదో అయిపోయింది, అంతేనట. నేనొప్పుకోను. తీసుకెళ్ళిన మాట నిజమే. మన బీఎస్సీ అక్కడ చెల్లదంటే, పగలు ఆఫీసు గదులు తుడిచి సాయంత్రాలు ఇరవై ఏళ్ళ పిల్లల పక్కన కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ చదివిందెవరు? నీ ఇంగ్లీషు అర్థం కావట్లేదని ఇంటర్వ్యూల్లో తిప్పి పంపితే, ఇంకో ఇంటర్వ్యూకి తయారైందెవరు? ఆ మొగుడు నీలకంఠం అక్కడ లారీ నడుపుతాడు. మంచి మనిషి. ప్రోగ్రాములు రాయడం మాత్రం ఆయనకి రాదు.

శ్రీకాకుళం కాలేజీ హాస్టల్లో దాలమ్మదీ నాదీ ఒకే గది. 2004 ఆగస్టులో ఆమె సెలవు మీద వచ్చి, "మా పేటకి నాతో రాయే. నువ్వయితే గట్టిగా మాటాడతావు" అంది. నా నోటిని ఒకరు మెచ్చుకోవడం అరుదు కాబట్టి బయల్దేరాను.

విశాఖలో పొద్దున్నే పాసింజరు ఎక్కాం. కిటికీ కావాలంటే అరగంట ముందే రావాలి. నౌపడ దగ్గర ఉప్పు మడుల నిండా వాననీళ్ళు. అక్కడే దాలమ్మ అసలు సంగతి చెప్పింది. అన్న కూతురు కుమారికి టెక్కలిలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. రేపు సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. ఆ ఫీజు వల వాటాలోంచి రావాలని ఈమె పట్టు.

ఆ పేట జాలర్లు చేపలమ్మిన సొమ్ములో మనిషికో వాటా, పడవకో వాటా, వలకో వాటా తీస్తారు. వల ఎవరిదో వాటా వాళ్ళది. నాలుగేళ్ళ కిందట తుపానులో పాత వల పోతే, దాలమ్మ తన జీతంతో కొత్తది కొనిచ్చింది. దాని వాటా అప్పట్నుంచీ పడవ పెద్ద కామయ్య దగ్గరే ఉంటోంది.

"నువ్వే కట్టెయ్యచ్చుగా?" అన్నాను.

"నాను కడితే అది కెనడా అత్త డబ్బు. వల వాటాతో అయితే పేట సదివించిన పిల్ల. దీని తరవాత ఇంకో పిల్ల అడగడానికి దారుంటాది."

ఎదురు సీట్లో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతున్న ఒకావిడ చెవి ఇటే పెట్టింది. "ఓలమ్మా, కెనడా దాలమ్మవేటి? మీ ఆయన పున్నెమా అని మంచి రోజులొచ్చినాయి తల్లీ!" దాలమ్మ నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేదు. పలాస వచ్చేదాకా ఆవిడకి విడమరిచి చెప్పాను. దిగేటప్పుడు ఆవిడ, "అయితే ఆయనకి బాగా సంపాదించే పెళ్ళాం దొరికినాది. అదురుష్టవంతుడు" అంది.

పలాసలో దిగేసరికి పదకొండు దాటింది. స్టేషను ఎదుట ఇడ్లీ తిన్నాం. సాంబారు చల్లారిపోయింది, చట్నీ బాగుంది. కాశీబుగ్గలో బస్సు పట్టుకుని, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటి రోడ్డు చివర దిగి, ఇసకలో చెప్పులు చేత పట్టుకుని నడిచాం. వెళ్ళాలనుకునేవాళ్ళు చివరి బస్సుని నమ్ముకోకండి, అది రాని రోజులూ ఉంటాయి. దాలమ్మ అన్న ఎర్రయ్య ఇంట్లో నెత్తళ్ళ పులుసుతో అన్నం తిని, అరుగు మీద మంచాలేసుకుని పడుకున్నాం.

మర్నాడు ఏడింటికి ఒడ్డుకెళ్ళాం. పడవలు అప్పుడే వచ్చాయి. కామయ్య దాలమ్మకి మేనమామ. చేపలు బేరమాడి అమ్మి వాటాలు తీస్తున్నాడు. "ఇది పడవది. ఇది అల్లుడి వలది."

"ఎవరి వల?" అన్నాను.

"అల్లుడిదమ్మా. మా నీలకంఠంది."

"కొన్నది ఈవిడ కదా!"

"పెళ్ళాం కొంటే మొగుడిది కాదేటి?"

దాలమ్మ ఫీజు మాట ఎత్తింది. కామయ్య తల గోక్కున్నాడు. "ఆడపిల్లకి ఇంజనీరింగేటే దాలీ? సరే, సదివించు. నానొద్దన్ను. అల్లుడి సొమ్ము అల్లుణ్ణి అడక్కుండా ముట్టుకుంటే రేపు నాకు మాటొస్తాది."

నేను వాదించాను. చుట్టూ వలలు దులుపుతున్నవాళ్ళు పని ఆపి మరీ విన్నారు. ఎర్రయ్య ఇసక వైపే చూస్తున్నాడు. కుమారి సర్టిఫికెట్ల సంచి గుండెకి హత్తుకుని నా పక్కన నిలబడింది. చివరికి దాలమ్మే, "ఫోన్ సేద్దాం పద మావా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రోడ్డు మీది ఎస్‌టీడీ బూత్‌కి అందరం నడిచాం. అక్కడ టొరంటోలో రాత్రి పడుకునే వేళ. స్పీకరు బటన్ నేనే నొక్కాను.

"అల్లుడా, వల వాటా పిల్ల సదువుకి ఇమ్మంతంది మీ ఆవిడ. ఏటంటావు?"

"నన్నడుగుతావేటి మావా? జీతం దానిది, వల దానిది. దాన్నే అడుగు. నాకు పొద్దున్నే డ్యూటీ ఉంది." ఫోన్ పెట్టేశాడు.

నేను గెలిచాననుకున్నాను. కామయ్య బూత్ బయటికొచ్చి, ఒడ్డు నుంచి మా వెనకే వచ్చినవాళ్ళతో గట్టిగా అన్నాడు: "అల్లుడు ఒప్పీసుకున్నాడ్రా!"

"ఒప్పుకోవడమేంటి? వల ఈవిడదని చెప్పాడు కదా!"

"అదేనమ్మా. మా అల్లుడు బంగారం. పెళ్ళాం మాట తీసెయ్యడు."

దాలమ్మ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కుమారి ఏడుస్తూ నవ్వుతోంది.

కామయ్య తీసిచ్చిన వల వాటా సొమ్ముతో మధ్యాహ్నం మూడు కాకముందే టెక్కలి చేరి ఫీజు కట్టేశాం. కుమారిని, ఎర్రయ్యని హాస్టలు చూసుకోమని అక్కడే వదిలి, ఆటోలో నౌపడ వచ్చి, తిరుగు రైలెక్కాం. కోటబొమ్మాళి దాటాక అడిగాను: "అంతమంది తెల్లవాళ్ళ ముందు నోరు విప్పిన దానివి. నీ వల నీదని మీ మామకి చెప్పలేకపోయావా?"

"పిల్లకి సీటు దక్కినాదా, లేదా?"

"దక్కింది."

"మరింకేటి?" అని పల్లీల పొట్లం నా ఒళ్ళో పెట్టింది.

పలాస చుట్టుపక్కల ఈ తోటల సీమని ఉద్దానం అంటారు, అందమైన చోటు. మనుషులు మంచివాళ్ళు, అడక్కముందే అన్నం పెడతారు. వెళ్ళి రండి. వెళితే కామయ్యని నా తరఫున ఒక్క మాట అడగండి. రేపు కుమారి చదువయ్యి, ఉద్యోగమొచ్చి, పెళ్ళి కాకముందే తన జీతంతో ఆ పడవకి ఒక వల కొనిచ్చిందనుకోండి. అప్పటికి అల్లుడే ఉండడు. మరి దాన్ని ఎవరి వల అంటారు?