బంధువులంతా బయటికి

ఒక్క రూలుతో ఏడుగురు డైరెక్టర్లున్న కంపెనీని ఖాళీ కుర్చీల కొట్టుగా మార్చిన ఘనుడు ఈ జిల్లాలో ఎవరైనా ఉన్నారంటే, అది నేనే. చెబుతాను, మీరు నవ్వుకోండి. అప్పుడు నాకైతే నవ్వు రాలేదు.

మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. వేరుశనగ రైతులం కలిసి కంపెనీ పెట్టుకున్నాం. కాలేజీ మొహం చూడకపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణని నన్నూ బోర్డులో వేశారు. పెద్ద కంపెనీల నిబంధనలు చదివి పొంగిపోయి, ఒకటి పట్టుబట్టి పెట్టించాను: ఎవరితో బేరం జరుగుతోందో, వాళ్ల బంధువులైన డైరెక్టర్లు గది బయటికి వెళ్లాలి.

ఆ ఏడు పంటంతా మూటలై కళ్లంలో ఉంది. పిలిచినా పలకని మబ్బు పిలవని పేరంటానికి ముస్తాబై వచ్చింది. ఊళ్లో గోదాము ఒక్కటే, ఓబులేసుది. దాన్ని అద్దెకు తీసుకోవడానికి బోర్డు హడావిడిగా కూర్చుంది.

"రూలు ప్రకారం ఓబులేసు బంధువులు లేవాలి" అన్నాను గంభీరంగా.

అతని చెల్లెలు నాగమ్మ లేచింది. బావ లేచాడు. వియ్యంకుడు లేచాడు. "మా చిన్నాయన కొడుకప్పా" అంటూ ఇంకొకాయన. "నేను వానికి మేనత్తను" అంటూ అధ్యక్షురాలు లక్ష్మీదేవమ్మ. ఆరో ఆయన, "ఏదో ఒకటి అయితాడులే, ఆలోచించే టైము యాడుండాది?" అని గడప దాటేశాడు.

కిటికీలోంచి లక్ష్మీదేవమ్మ అడిగింది: "ఏమప్పా, నీ పెండ్లాము ఎవరి బిడ్డ?"

నా భార్య ఓబులేసు పినతల్లి కూతురు! ఇరవయ్యో ఎక్కం నిద్రలో అప్పజెప్పే నేను ఈ కూడిక వేసుకోలేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేనైతే రోలు కూడా సొంతంగా తొలుచుకున్నాను. తలొంచుకుని బయటికొచ్చాను. గదిలో రూలు ఒక్కటే మిగిలింది.

ఉరిమింది.

"కాయలు తడిస్తే నిన్నే ఒలిచి పారేస్తాం!" అన్నాడు బావ.

నాగమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఎట్లా బయటున్నాం గదా, చెప్తాండా. మా అన్న గోదాము వెనక మూల కారుతాది. ఆయప్ప చెప్పడు. పట్ట కప్పినాకే మూటలెయ్యండి."

"బాడుగ గూడా తగ్గించల్ల" అన్నాడు వియ్యంకుడు. "కాదంటే ఆయప్ప ఇంట్లో నా కూతురుండాది, అది అడుగుతాది."

ఏ ఆడిటరూ పట్టలేని చిల్లు చెల్లెలికి తెలుసు! ఆ షరతులతో గోదాము తీసుకుందామని వసారాలోనే అందరూ చేతులెత్తారు. కబురందుకుని వచ్చిన ఓబులేసు గొణుక్కుంటూనే ఒప్పుకుని తాళం తీశాడు. బావ రేకులెక్కి టార్పాలిన్ పట్ట పరిచాడు. మేనత్తతో సహా చుట్టాలంతా చీమలబారులా మూటలు మోశారు. ఆఖరి మూట లోపలికెళ్లిందో లేదో, ఆకాశం విరుచుకుపడింది.

మొన్న అనంతపురంలో, కంపెనీల నిబంధనల్లో ఏం మార్చాలో అధికారులు వ్యాపారులను అడిగే సభ జరిగింది. నేనూ లేచాను.

"బంధువులను బయటికి పంపొద్దు సార్. ముందు చుట్టరికం చెప్పించండి, తర్వాత చిల్లు చెప్పించండి. ఓటు మాత్రం వేయనివ్వకండి."

"మరి తేల్చేదెవరు?" అన్నాడు అధికారి.

"తాడిపత్రి నుంచి ఒక బండల వ్యాపారిని బోర్డులోకి తెచ్చుకున్నాం సార్."

"భేష్! ఆయనకు ఎవరితోనూ చుట్టరికం లేదు కదా?"

"నిన్నటిదాకా లేదు సార్. నిన్న ఓబులేసు కూతుర్ని ఆయన కొడుక్కి ఖాయం చేసుకున్నారు."

కాబట్టి మహాజనులారా, వేరుశనగ కాయ చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ రూలు రాయను. రాయక తప్పకపోతే, ముందు మా ఆవిడను అడిగి రాస్తాను.