చదవకుండా మడవని కాగితం

జోగివలస దేముడమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ రోజుకు రెండు మూడు వందల కాగితాలు ఆమె చేతుల మీదుగా పోయేవి. రాజాం బజారులో కిరాణా కొట్టు సావుకారు భీమశంకరరావు పాత కాగితాలు కట్ట కట్టి ఇచ్చేవాడు. ఆమె వాటిని సంచులుగా అంటించి, వంద చొప్పున పురికొసతో కట్టి, గంపలో పెట్టుకుని రెండు మైళ్ళు నడిచి ఇచ్చి వచ్చేది. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు ఆమె గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండేది. ఏ కాగితం ఏమిటో చేత్తోనే పోల్చుకునేది. వారపత్రిక కాగితం ఊదితే లేస్తుంది. పరీక్ష రాసిన కాగితం లేవదు. పలచనివి ఆవాలకీ జీలకర్రకీ, మందంగా ఉన్నవి బెల్లానికీ పసుపు కొమ్ములకీ. ఆమెకు తెలిసిన కాగితం విద్య అంతే.

మొగుడు నూకయ్య రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఒక్కతే కూతురు, జగ్గమ్మ. 1968 ఏప్రిల్లో ఆ పిల్ల ఊరి బడిలో ఐదో తరగతి ప్యాసయింది. ఆరో తరగతికి రాజాంలో హైస్కూలుకు పోవాలి.

ఇక్కడ సెలవుల సంగతి చెప్పాలి. ఏప్రిల్ ఆఖరున బడి మూస్తారు, జూన్ మధ్యలో తెరుస్తారు. ఈ ఏడు వారాలూ మన పల్లెల పిల్లలు పశువులు కాస్తారు, జీడితోటల్లో పిక్కలు ఏరతారు, చంటిపిల్లల్ని ఎత్తుకుంటారు. ఐదేళ్ళు నేర్చినదాంట్లో సగం ఈ ఏడు వారాల్లో పోతుంది. ఇంట్లో అచ్చు కాగితం ఒక్కటి ఉండదు. ఆరో తరగతి పుస్తకాలు బజారుకొచ్చేసరికి సగం వానాకాలం గడుస్తుంది. హైస్కూల్లో మొదటిరోజు నాలుగు వాక్యాలు చదవమంటే తడబడిన పిల్లను వెనక బెంచీకి పంపిస్తారు. వెనక బెంచీ నుంచి పొలానికి దారి దగ్గర. ఆ దారిన పోయిన పిల్లలెందరో లెక్క పెట్టిన ఆఫీసు ఏదీ లేదు. చదువు అబ్బలేదంటారు, అంతే.

దేముడమ్మ దీన్ని సరిచేద్దామని ఏమీ మొదలుపెట్టలేదు. ఆమెకు కథ కావలసి వచ్చింది.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం జగ్గమ్మ తల్లి పక్కన కూర్చుని, మడతపెట్టబోయే పత్రిక కాగితం తీసి ఊరికే పైకి చదివింది. అందులో అత్తతో పోట్లాడి పుట్టింటికి బయల్దేరిన కోడలొకతె రైలెక్కింది. అక్కడితో ఆగిపోయింది.

"ఆపీసినావేటే?" అంది దేముడమ్మ.

"కాగితం అయిపోనాది."

"మరి ఆ పిల్ల ఎల్లిందా, రైలు దిగీసిందా?"

"మిగతాది లేదమ్మా. సిరిగిపోనాది. నాకేటి తెలుసు?"

"తెలకపోతే నువ్వే కట్టి సెప్పు. ఐదు సదివినావు గదా."

జగ్గమ్మ కట్టి చెప్పింది. మొగుడు స్టేషనుకు పరిగెత్తుకొచ్చాడు, కోడలు దిగిపోయింది. దేముడమ్మ ఒప్పుకోలేదు. "అంత తేలిగ్గా దిగీడానికి అదెందుకు ఎక్కినాదే? మళ్ళీ సెప్పు."

వారం తిరిగేసరికి ఆ అరుగు మీద ఐదుగురు పిల్లలు చేరారు. అందరూ ఐదు ప్యాసయినవాళ్ళే. పక్కింటి సోములు, గొర్రెలు కాసే ఇంటి చినబాబు, మరో ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళను లాగింది చదువు కాదు, జిగురు. చేతులు ముంచి అంటించాలని వాళ్ళ ఆశ. దేముడమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరు ఏ కాగితం అంటించాలన్నా ముందు దాన్ని పైకి చదవాలి. చదవకుండా ఒక్క కాగితం మడవకూడదు. ఆమె మడవాలన్నా అంతే, ఎవరో ఒకరు చదివాకే.

అలా ఆ నెల్లో వాళ్ళు చదవనిది లేదు. తలనూనె ప్రకటనలు, వరిలో అగ్గితెగులు మందులు, ఎక్కడో మంత్రిగారి ఉపన్యాసం, సగం వంటలు, తలా తోకా లేని కథలు. మంత్రిగారి ఉపన్యాసం సోములు అరుగెక్కి చేతులూపుతూ చదివేవాడు. తోక లేని కథకు తోక తగిలించడం అందరి పని. ఎవరి ముగింపు బాగుందో దేముడమ్మ తీర్పు చెప్పేది.

అన్నిటికంటే గమ్మత్తు పరీక్ష కాగితాలతో. ఎక్కడివో, ఏ ఏటివో, పెద్ద తరగతుల వాళ్ళు రాసి పారేసినవి. వాటిని చదివి పిల్లలు ఇటుక ముక్కతో మార్కులు వేసేవారు.

"అత్తా, ఈడెవడో గోదావరి హైదరాబాదులో పుట్టిందని రాసీసినాడు," అన్నాడు చినబాబు.

"ఎంతేస్తన్నావు?"

"సున్నా."

"సున్నా ఎయ్యకురా. ఆడి యమ్మ ఏటనుకుంటాది. ఒకటెయ్యి."

చినబాబు ఒకటి వేసి, జిగురు రాసి, అంటించాడు. గోదావరి పుట్టిన హైదరాబాదు బెల్లం సంచి అయి రాజాం పోయింది.

బడి మూసే ముందు నరసింగరావు మాస్టారు జగ్గమ్మకు టీసీ రాసిచ్చారు. ఊరి బడికి ఉన్నది ఆయనొక్కరే. "మడత పెట్టకు, తడి తగలనీకు. ఇది పోతే ఆరో తరగతి లేదు," అని చెప్పి పాలకొండ అవతల తమ ఊరికి వెళ్ళిపోయారు.

మడత పడకుండా, తడవకుండా ఒక కాగితాన్ని దాచే చోటు ఆ ఇంట్లో ఎక్కడుంది? పెట్టె లేదు. తాటాకు కప్పులో ఎలకలున్నాయి. మూలనున్న కాగితాల కట్ట ఒక్కటే. అది గట్టు మీద ఉంటుంది, పైన రుబ్బురోలు పొత్రం బరువు ఉంటుంది. జగ్గమ్మ టీసీని ఆ కట్ట అడుగున పెట్టింది. తల్లికి చెప్పింది కూడా. తరవాత కట్టుబాటు వచ్చాక, చదవకుండా ఎవరూ ఏదీ మడవరు గదా, ఇక భయమేముందనుకుంది.

జూన్ రెండో వారంలో పెళ్ళిళ్ళు ముంచుకొచ్చాయి. బుధవారం పొద్దున్న సావుకారు కబురు పంపాడు. ఆ పూటకే మూడు వందల సంచులు కావాలని. జగ్గమ్మ తండ్రికి అన్నం పట్టుకుని మిల్లుకు పోయింది. మిగతా పిల్లలు తాటిముంజెలకు పోయారు. దేముడమ్మ ఒక్కతే కూర్చుని ఉన్న కట్టంతా అంటించి, గంపలో పెట్టి, ఇచ్చేసి వచ్చింది. అడుగున టీసీ ఉందన్న మాట పనిలో మరిచింది. వేళ్ళకు అది మందం కాగితం, పరీక్ష కాగితంలాంటిది. కట్టుబాటు పెట్టాక చదవకుండా మడిచిన రోజు అదొక్కటే.

శనివారం సాయంత్రం జగ్గమ్మ పొత్రం ఎత్తి చూస్తే కొత్త కట్ట అడుగున టీసీ లేదు. సోమవారం హైస్కూల్లో చేర్చుకునే ఆఖరు రోజు.

దేముడమ్మకు బుధవారం వేళ్ళకు తగిలిన మందం కాగితం గుర్తొచ్చింది, చెప్పింది. నూకయ్య విన్నాడు. "పోతే పోనాది. మా మిల్లు మేస్త్రీ మొన్న కూడా అడిగినాడు. బియ్యం సెరగడానికి ఆడగుంటలు కావాలంట. సోమారం నుంచే రమ్మన్నాడు."

"మాస్టారినడిగి ఇంకోటి తెస్తాను," అంది జగ్గమ్మ.

"ఆయన బడి తెరిసినాక వస్తాడు. ఇంకోటి రాయాలంటే పైన ఇనస్పెట్రు సంతకం ఎట్టాల. అప్పటికి నీ బెంచీ మీద ఇంకెవరో కూకుంటారు."

నూకయ్య చెడ్డవాడు కాదు. ఆయన లెక్క తప్పూ కాదు. పేదవాడి పిల్లకు ఒక కాగితమే దారి. ఆ కాగితం పోతే మళ్ళీ ఇచ్చేవాడు ఎప్పుడూ ఊళ్ళో ఉండడు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో వాళ్ళ పిల్లల కాగితాలు బీరువాల్లో ఉంటాయి.

దేముడమ్మ లేచింది. "రేపు ఆదివారం. సంచులేటి గాల్లో కలిసిపోవు. ఎక్కడో ఓ సోట ఉంటాయి. ఒలే, ఆ గుంటల్ని పిల్సుకురా."

ఆదివారం తెల్లారేసరికి ఐదుగురు పిల్లలూ, దేముడమ్మా భీమశంకరరావు కొట్టు ముందున్నారు. సావుకారు విని తల పట్టుకున్నాడు. "కొట్టు నిండా ఐదారొందల సంచులున్నాయి. ఎలగ పోలుస్తారే?"

"సదువుతాం," అన్నాడు సోములు.

"సదివితే పొద్దుగూకుతాది."

పొద్దుగూకలేదు. ఎందుకంటే నెలరోజులుగా వాళ్ళు ఆ సంచులన్నీ చదివి ఉన్నారు. మందం సంచి మీద ఇటుక గీత ఉంటే అది చదివేసింది, పక్కన పెట్టొచ్చు. పత్రిక సంచి చూడగానే "ఇది రైలెక్కిన కోడలు", "ఇది అగ్గితెగులు" అని విసిరేస్తున్నారు. ఎవరూ ఎరగని మొహాలన్నీ బుధవారం సంచులే. సావుకారు బేరాలు మాని చూస్తూ నిలబడ్డాడు.

"గోదారోడు దొరికినాడు," అని చినబాబు ఒక సంచి ఎత్తి చూపించాడు. ఆ గడబిడలోనూ అందరూ నవ్వారు.

బుధవారం మందం సంచులు ముప్పయి దాకా తేలాయి. వాటిలో టీసీ లేదు.

సావుకారు ఆలోచించాడు. "బుధవారం మందం సంచులు వాడింది ఒక్క ఇంటి సరుక్కే. బొబ్బిలి రోడ్డులో గణపతిరావుగారి ఇంట్లో పెళ్ళి. పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి, బెల్లం. బండికెత్తించినాను."

మైలున్నర ఎండలో నడిచారు. పెళ్ళివారి పందిరి అప్పుడే వేస్తున్నారు. గణపతిరావు భార్య లక్ష్మణమ్మ వీధి అరుగు మీదికొచ్చి, పిల్లల కాళ్ళ దుమ్ము చూసి, అక్కడే ఉండమంది. సంగతి విన్నాక ఖాళీ చేసిన సంచులు పొయ్యి రాజెయ్యడానికి పెట్టుకున్నవి తెప్పించి ముందు పడేసింది. వాటిలో లేదు.

"ఇంక లేవేటమ్మా?" అని అడిగింది దేముడమ్మ.

"పసుపు సంచి ఉన్నాది. అది ఎల్లుండి దాకా ముట్టుకోడానికి లేదు. పసుపు దంచడానికి ముహూర్తం ఎట్టినారు. అంతవరకు విప్పకూడదు."

"రేపే ఆఖరి రోజమ్మా."

"నా కూతురి పెళ్ళే దేముడమ్మా. నీ గుంట బడికోసం నా గుంట పసుపు కదపమంటావేటి?"

ఆ మాటలోనూ న్యాయం ఉంది. అప్పుడు జగ్గమ్మ, "విప్పొద్దు తల్లీ. బయట ఏటి రాసుందో దూరం నుంచి సూస్తాను. మాది కాకపోతే ఎల్లిపోతాం," అంది.

లక్ష్మణమ్మ లోపలికి వెళ్ళి, ఇత్తడి పళ్ళెంలో పెట్టిన సంచిని పళ్ళెంతో సహా గుమ్మం దాకా తెచ్చింది. సంచి పసుపు పొడితో సగం పచ్చబడింది. జగ్గమ్మ అరుగు కిందే నిలబడి, కళ్ళు చికిలించి చదివింది.

"జోగివలస ప్రాథమిక పాఠశాల. విద్యార్థిని పేరు, జగ్గమ్మ. తండ్రి పేరు, నూకయ్య. వృత్తి, కూలి." తరవాతిది మడతలోకి పోయింది.

లక్ష్మణమ్మకూ చదువు రాదు. సంచి వంక, పిల్ల వంక మార్చి మార్చి చూసింది. "నీ పేరే ఉందేటి దానిమీద?"

"నా పేరే."

లక్ష్మణమ్మ లోపలికి తిరిగి అత్తగారిని కేకేసింది. "అత్తా, మన గుంట పెళ్ళిపసుపు ఇంకోరి గుంట పేరుమీద ఉండొచ్చా?"

లోపల నుంచి ముసలామె గొంతు వచ్చింది. "ఎలగుంటాదే? మన పసుపు మన పేరున ఉండాల. తీసీయండి దాన్ని. కొత్త గుడ్డలోకి వంపండి. ముడి విప్పితే తప్పు గాని, కొస వదులు చేసి వంపితే తప్పేటి?"

అలా ముహూర్తం చెడకుండానే సంచి ఖాళీ అయింది.

తరవాత పని దేముడమ్మది. సంచిని నీళ్ళలో వేస్తే సిరా కారిపోతుంది. ఆమె కొంగు చివర తడిపి, గట్టిగా పిండి, అతుకు మీద మాత్రం అద్దుతూ కూర్చుంది. జిగురు మెత్తబడ్డ కొద్దీ గోటితో కొంచెం కొంచెం ఎత్తింది. గంట పట్టింది. ఒక్క అక్షరం చెదరకుండా కాగితం విడివడింది.

సోమవారం పొద్దున్న నూకయ్య మిల్లుకు పోలేదు. వేలిముద్ర వెయ్యాలంటే తండ్రి రావాలని తెలుసు.

"మేస్త్రీకేటి సెప్పమంటావు?" అని అడిగాడు పెళ్ళాన్ని.

"ఇంకోర్ని సూసుకోమను."

హైస్కూలు గుమస్తా టీసీ అందుకోబోయి ఆగాడు. నాలుగు మడతల మచ్చలు, మధ్యలో జిగురు చార, అంచులంతా పసుపు.

"ఇదేటి, టీసీయా, శుభలేఖా?"

"టీసీయే బాబూ," అంది దేముడమ్మ.

"అక్షరాలు బాగానే ఉన్నాయిలే. ఇలా ఇయ్యి. మాదగ్గర దస్త్రంలో ఉంటుంది."

"మళ్ళీ ఇవ్వరేటి?"

"ఇక ఇవ్వం. ఇక్కడే ఉంటుంది."

దేముడమ్మ కాగితాన్ని గుండెకు దగ్గరగా పట్టుకుంది. బల్ల ముందు వరసలో పదిమంది ఉన్నారు. వాళ్ళలో చినబాబు తండ్రి, సోములు మేనమామ కూడా ఉన్నారు.

"ఒక్క పాలి ఆగండి బాబూ. సదివి ఇస్తాది."

"మేం చదువుకుంటాం గదమ్మా."

"మీరు సదువుతారు. మా ఇంట్లో సదవకుండా కాగితం ఒగ్గీయం. ఒక్కసారి ఒగ్గీసి సూసినాం. సదవే."

గుమస్తా కలం కింద పెట్టాడు. జగ్గమ్మ అక్కడే నిలబడి, తడబడకుండా, మొదటి నుంచి చదివింది. పాఠశాల పేరు, తన పేరు, తండ్రి పేరు, వృత్తి, పుట్టిన తేదీ, ప్యాసయిన తరగతి. నిన్న మడతలో దాగిన ఆఖరి వరస దాకా వచ్చింది.

"నడవడి, మంచిది."

"అదేనా ఆఖరు?" అంది దేముడమ్మ.

"అదే ఆఖరు."

"అయితే ఇచ్చీ."