కొళాయిలో వెలసిన స్వామి

ఆ రోజుల్లో, అంటే ఎనభైలలో, తిరుపతిలోని మా ఇంట్లో అర్థంకాని ప్రతిదీ స్వామి లీలే. నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించింది నాయన వాళ్ళమ్మ, మా అవ్వ. (కాబట్టి నా సైన్సు ఎంతటిదో మీరు ఊహించుకోవచ్చు.) నాయన ముచ్చటపడి గీజరు కొన్నాడు. బిగించినవాడు, లీకైన కరెంటును నేలలోకి దించే ఎర్తు తీగె వేయలేదని మాకెవరికీ తెలియదు. ఒక శనివారం అవ్వ తలస్నానం చేసి, తడిచీరతోనే ఇత్తడి కొళాయి కట్టేయబోతే చేయి జివ్వుమంది. "పాపా! స్వామి తాకినాడే!" అని పరవశించిపోయింది. నాయన వెళ్ళి కొళాయి పట్టుకుంటే ఏమీ కాలేదు.

"యాడమ్మా స్వామి?"

"రబ్బరు చెప్పులేసుకోని పోతే నీకెట్ల తాకుతాడ్రా? మడితో ఉండాల, ఒట్టి కాళ్ళతో ఉండాల."

మడి కట్టుకుని వచ్చిన పక్కింటి పెద్దమ్మకు జివ్వుమంది. చెప్పులతో వచ్చిన ఆమె కోడలికి ఏమీ కాలేదు. ఇంతకంటే రుజువేం కావాలి? నా వంతు వచ్చేదాకా ముట్టొద్దని అవ్వ అనడంతో, నేను ఎండుపుల్లతోనే కొళాయికి పసుపు రాసి బొట్టు పెట్టాను. నాయనకు ఒళ్ళు మండి, చెప్పులు విడిచి, కాళ్ళమీద చెంబెడు నీళ్ళు పోసుకుని కొళాయి పట్టుకున్నాడు. "గోవిందా!" అని ఒక్క కేక పెట్టి వెనక్కి ఎగిరిపడి గోడకు కొట్టుకున్నాడు.

అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇన్నేండ్లకు నా కొడుకు నోట్లో స్వామి పేరొచ్చినాది!"

నాయన ఫ్యూజు పీకి జేబులో వేసుకుని మద్రాసు బస్సెక్కాడు. మనిషి ఒంట్లోకి కరెంటు పారితే రెప్పపాటులో ఆపేసే పెట్టె ఒకటి తెచ్చి మెయిన్ దగ్గర పెట్టించాడు. ఎర్తు తీగె సోమవారం వేస్తానన్నాడు వైర్‌మాన్. అందాకా గీజరు వేయొద్దని నాయన పదేపదే చెప్పాడు. వింటేనా! శనివారం తెల్లవారుజామున అవ్వ గీజరు వేసి, స్నానం చేసి, కొళాయి పట్టుకుంది. టక్కున ఇల్లంతా చీకటి.

"స్వామిని పెట్టెలో పెట్టి మూసినావు గదరా!" అంటూ తడిచీరతోనే బయటికొచ్చింది. "తీసెయ్యి దాన్ని. తీసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను."

"అది ల్యాకుంటే ఈ పొద్దు పోయుంటావు మా!"

"స్వామి తాకి పోతే మోక్షం రా."

"నీకు మోక్షం. మరి నాకు?" అన్నాడు నాయన. తువాలు తెచ్చి ఆమె తడితల మీద కప్పాడు.

అవ్వ కొడుకు ముఖం చూసి, చీర కొంగు పిండుకుంది. "పాపా, మీ నాయనకు కాఫీ కలిపియ్యి. నాకూ ఇంత," అంది.

సోమవారం ఎర్తు తీగె వేశారు. కొళాయి మళ్ళీ ఎవరినీ తాకలేదు. ఆ వారం కొళాయి పట్టుకునే వంతు నాదని అవ్వ మాటిచ్చి ఉండింది. మా ఇంట్లో స్వామి నన్ను ఒక్కదాన్నే తాకకుండా పోయాడని దేవుడి గదిలో మూల కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆ పిల్ల ఇప్పుడు కనబడితే ముక్కు తుడిచి, "పిచ్చిదానా, తాకకపోబట్టే కదమ్మా బతికి బట్టకట్టావు!" అని నవ్వాలనిపిస్తుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఏడుకొండల నాయనకూ, మా నాయనకూ కలిపి ఒక్కటే దండం పెట్టుకుంటాను.